ఫలకం మీద ఏం రాయాలి?

దోహా శివారు మెసైమీర్‌లో చర్చిల ప్రాంగణానికి కొత్తగా వచ్చిన తెలుగువాడు రోజరీ మాత చర్చి బయట శిలువ కోసం వెతుక్కుంటాడు. శిలువా లేదు, గంటా లేదు. ఖతర్ అమీర్ ఇచ్చిన స్థలంలో 2008లో తెరుచుకున్న గుడి అది.

మరి అక్కడో చరిత్ర ఫలకం పెట్టాలంటే?

అంతకుముందు సంగతుల కోసం కలకత్తా అచ్చు పుస్తకం తిరగేయాలి. గల్ఫ్ ఊళ్లను, బావులను, తెగలను నమోదు చేసిన లోరిమర్ గెజిటీర్ భౌగోళిక సంపుటం 1908లో అక్కడే అచ్చయింది. ఇండియా ఆఫీసు దస్త్రాలు, పాత మ్యాపులు, ఫొటోలతో పాటు అదీ ఖతర్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. ఫొటో దొరికితే సరిపోదు; ఏ ఏడాదిదో, ఏ దిక్కు నుంచి తీశారో తేలాలి.

కాగితం చాలనప్పుడు గడ్డపార ఉంది. దోహాలోని ముషైరిబ్‌లో 1920ల నాటి రద్వానీ ఇంటిని మ్యూజియం చేసేముందు పురావస్తు నిపుణులు దాని నేలనే తవ్వి చూశారు.