స్నేహగుణము

రెండేళ్ళ క్రితం శంకర్‌పల్లిలో మా ఇంటి కిటికీ అద్దం పగిలి నా కుడి మణికట్టును కోసింది. రక్తం ఆగింది గాని బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నావి కాకుండా పోయాయి. నగరంలో శస్త్రవైద్యుడు తెగిన మధ్యనాడిని కుట్టి, "మాస్టారూ, నేను కుట్టింది పైతొడుగునే. లోపలి పోగులు వాటంతట అవే పెరిగి రావాలి. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు" అన్నారు.

ముప్పై ఏళ్ళు సుద్దముక్క పట్టిన చేయి! మణికట్టు నుండి వేలికొసకు దారి 18 సెంటీమీటర్లు. అంటే ఆరు నెలలు. మొదటి వారాల జాప్యం, అరవై దాటిన ఒంటి జాప్యం వేరే.

గుడ్డిపోగుకు దారి ఎవరు చూపుతారు? ఆ సందేహంతోనే చదవడం మొదలుపెట్టాను. తెగినచోటికి అవతలి పోగు క్షీణించి పోతుందని 1850లో వాలర్ కప్ప నాలుక నరాలలో చూపాడు. పోగు పోయినా దానిని చుట్టుకొని ఉండిన ష్వాన్ కణాలు పోవు. పాత మైలిన్ పొరను వదిలించుకొని వరుసలు కట్టి నిలుస్తాయి. నరం ఎదిగే దశలో ధరించి, తరువాత చాలావరకు విడిచిపెట్టిన ఎన్‌-క్యామ్, ఎల్‌1 అనే మాంసకృత్తులను మళ్ళీ పైకి తెచ్చుకుంటాయి. వచ్చే పోగు కొనమీదా అవే ఉంటాయి. ఎల్‌1ను ఎల్‌1 పట్టుకుంటుంది. కణాల చుట్టూ ఉన్న ల్యామినిన్ పొరను పోగుమీది ఇంటెగ్రిన్లు పట్టుకుంటాయి. పట్టుకొని, లాగికొని, వదలి, మళ్ళీ పట్టుకొని ముందుకు సాగడమే ఆ నడక.

పాఠ్యపుస్తకాలు దీనిని ఆసంజనం అన్నాయి. నాకు మాత్రం తర్కశాస్త్రంలోని స్నేహం గుర్తుకు వచ్చింది. అది నీటి గుణమట. పొడిపిండిని ముద్దగా చేసేది అదేనట. చమురుకూ చెలిమికీ అదే మాట. జొన్నపిండి కలుపుతున్న మా ఇల్లాలికి ఈ మాట చెబితే, "నీళ్ళెక్కువైతే రొట్టె కాదు, అంబలైతది" అంది. నిజమే, ఇక్కడా కొలత తప్పరాదు. పట్టు మరీ బిగిస్తే పోగు కదలలేదు. అందుకే ఎన్‌-క్యామ్‌కు పాలిసియాలిక్ ఆమ్లమనే చక్కెర గొలుసులు తగిలి పట్టును సడలిస్తాయి. ఆ సడలింపు లేని చిట్టెలుకలలో కండరానికి పోవలసిన పోగులు తమ దారిని సరిగా ఎంచుకోలేకపోయాయి.

ఈ పట్టుకొమ్మ శత్రువుకూ పనికివస్తుంది. కుష్ఠు సూక్ష్మజీవి ఆ ల్యామినిన్‌ను ఆసరాగా చేసుకొనే ష్వాన్ కణాలకు అంటుకుంటుందని 1997లో తేలింది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠు చికిత్సాలయం గురించి పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. స్పర్శలేని వేళ్ళతో బ్రతకడమంటే ఏమిటో, టీ గ్లాసు నా వేలికి బొబ్బ ఎక్కించాక గాని నాకే తెలియలేదు.

ప్రతి ఆదివారం అరచేతిని మెల్లగా తట్టుకునేవాణ్ణి. జివ్వుమన్నచోటికి కొత్తపోగు చేరినట్లు; 1915లో టీనెల్ వివరించిన పరీక్ష అది. అక్కడ సిరాచుక్క పెట్టేవాణ్ణి. చుక్క వేలి మొదలు దాటడానికి ఐదు నెలలు పట్టింది. ఎడమచేతితో లేఖినిలో టైపు చేయడం ఈలోగా అలవాటైంది.

ఇప్పుడు కలం నిలుస్తుంది, అక్షరం వంకర. మొన్న నేను కళ్ళు మూసుకోగా మనుమరాలు ఒక వేలిని తాకి, ఏదో చెప్పమంది. నడిమివేలు అన్నాను.

"కాదు తాతా, చూపుడువేలు" అని నవ్వింది.