లంకపప్పు తిన్న కాళ్లు

సూరత్ నుంచి హజీరా పోయే దారిలోని ఇచ్ఛాపూర్‌లో క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ని. నా దగ్గరికి దేశంలో సగం రాష్ట్రాల వాళ్లు వస్తారు. ఫ్యాక్టరీల్లో హెల్పర్లుగా చేసే బిహారీలు, ఒడిశా వెల్డర్లు, లింబాయత్ వైపు నుంచి మగ్గాల మీద పనిచేసే మన పద్మశాలీలు. అందుకే పేరు, వయసు రాశాక సొంతూరేదో, అక్కడ ఏం తిని పెరిగారో కూడా అడిగి రాసుకుంటాను.

ఆ ప్రశ్న లేకపోతే మధ్యప్రదేశ్‌లోని రీవా ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన జబ్బేమిటో తేలేది కాదు. ఇక్కడ సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తున్న కొడుకు తీసుకొచ్చాడు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ, మునివేళ్ల మీద కర్రతో నడిచాడు. విడిచిన చెప్పులు చూశాను. ముందు భాగం అరిగి చిల్లు పడింది, మడమ దగ్గర మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. పాత కాగితాల్లో ఎవరో పోలియో అని రాశారు. పోలియోలో కండ చిక్కి కాలు వేలాడుతుంది. ఈయన పిక్కలు రాయిలా బిగిసి ఉన్నాయి. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగిరిపడింది. స్పర్శ బాగుంది, మూత్రం మీద అదుపుంది, చేతుల్లో బలం ఉంది. దెబ్బంతా మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి కాళ్లను నడిపించే నరాల మీదే.

"చాచా, వయసులో ఉన్నప్పుడు కూలి ఏమిచ్చేవారు?" అని హిందీలో అడిగాను. డబ్బు కాదు, గింజలు. వానలు లేక గోధుమ పోయిన ఏడాది ఆ గింజల్లో ఎక్కువ భాగం కేసరి పప్పే. నెలల తరబడి రొట్టె దానితోనే, పప్పూ దానితోనే. ఒక తెల్లవారుజామున పిక్కలు పట్టేశాయి, లేవబోతే కాళ్లు రాలేదు. అప్పటికింకా పెళ్లి కూడా కాలేదట.

కేసరినే తెలుగులో లంకపప్పు అంటారు, గుజరాతీలు లాంగ్ అంటారు. ఒక్క శీతాకాలంలో మొలిచి, పూచి, ఎండిపోయే తీగ. కాడకు ఇరువైపులా సన్నటి రెక్కలుంటాయి, ఆకు కొసన నులితీగ. దొరికిన మొక్కనల్లా పట్టుకుని పైకి పాకుతుంది. పూలు ఎక్కువగా నీలం. గింజ గొడ్డలి మొనలా ఒకవైపు ఏటవాలుగా చెక్కినట్టుంటుంది. వరి కోయకముందే తడి మళ్లలో చల్లేస్తే చాలు, దున్నక్కర్లేదు, ఎరువక్కర్లేదు. నీళ్లు నిలిచినా బతుకుతుంది, చుక్క పడకపోయినా బతుకుతుంది. వేళ్ల బుడిపెలతో నేలకు నత్రజని ఇస్తుంది. గింజలో పాతిక శాతానికి పైగా మాంసకృత్తులు. బీద రైతుకు ఇంతకంటే నమ్మకమైన పంట ఏముంటుంది!

ఆ మొండితనమే కరువు ఏడాది మనిషి మీదికి వస్తుంది. స్లీమన్ అనే బ్రిటిష్ అధికారి సాగర్ ప్రాంతం గురించి రాసిపెట్టాడు. 1829లో వడగళ్లు, 1830లో వానలేమి, 1831లో తెగులు. గోధుమ పోయింది. చేలో ఎవరూ విత్తకుండానే పెరిగే ఈ అడవి బఠానీ మాత్రం ఏపుగా కాసింది. జనం దాన్నే తిన్నారు. 1833 నుంచి, ముప్పై ఏళ్లలోపు వాళ్లకు నడుం కింద కాళ్లు పడిపోవడం మొదలైంది.

దీనికి కారణమైన విషాన్ని 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, ఆదిగ, పి.ఎస్. శర్మ వేరుచేసి చూపారు. ఓడాప్ అనే అమైనో ఆమ్లం అది. నరకణాలను అదేపనిగా ఉద్రేకపరిచి చంపుతుంది. రావు గారు తర్వాత ఉస్మానియాలో కూడా దీనిమీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఇదే పదార్థం చైనా వైద్యంలో రక్తస్రావం ఆపడానికి వాడే ఒక జిన్‌సెంగ్ వేరులోనూ ఉంది. కాబట్టి మొక్కను దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం ఉండదు. అన్నం, కూరలతో పాటు అప్పుడప్పుడు తినేవాళ్లకు ఏమీ కావడం లేదు. వేరే తిండి లేక, నెలల పాటు ఇదొక్కటే తిన్నవాళ్లకే కాళ్లు పోతున్నాయి.

1942-43 చలికాలంలో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఉక్రెయిన్‌లోని వాప్‌నియార్కా నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు పశువుల మేతగా వాడే ఈ బఠానీనే వండి పెట్టారు. వందలమంది కాళ్లు పడిపోయాయి. వాళ్లలో ఒకడైన డాక్టర్ ఆర్థర్ కెస్లర్ దాన్ని గుర్తుపట్టి తినొద్దని చెప్పాడు. మందు ఒక్కటీ లేని చోట ఆ డాక్టరు రోగి కంచంలోకి చూశాడు. నాకు ఆయనంటే గురి.

మన కేంద్రం 1961లో అమ్మకం నిషేధించి, అమలు రాష్ట్రాలకు వదిలేసింది. పంట ఆగలేదు, కందిపప్పులో, శనగపిండిలో కల్తీగా కలవడమూ ఆగలేదు. పకోడీ, గాఠియా లేనిదే పొద్దు గడవని సూరత్‌లో ఈ భయం సహజమే. "సారూ, శనగపిండిల అదేదో పప్పు కలుపుతరంట గదా, పిల్లలకు పెట్టొచ్చా?" అని లింబాయత్ నుంచి వచ్చిన నేతన్న భార్య అడిగింది. శనగలు కొని గిర్నీలో ఆడించుకోమన్నాను. కందిపప్పులో ఏటవాలుగా, పలకలుగా ఉన్న గింజలు కనిపిస్తే ఏరేయమన్నాను. "కొద్దిగా కడుపులోకి పోయినా కాళ్లేం పడిపోవమ్మా, రోజుకో పప్పు మార్చి వండు" అని చెప్పి పంపాను.

పెద్దాయనకు పోయిన నరాలు తిరిగి రావు. ఆ మాట కొడుకుతో దాచలేదు. బిగుతు తగ్గడానికి తక్కువ మోతాదులో బాక్లోఫెన్ రాశాను. బాగా తగ్గిస్తే నిలబడడానికి ఆసరాగా ఉన్న ఆ బిగువే పోయి కూలబడతాడు. పిక్కలు సాగదీసే కసరత్తు కొడుకుకు చేసి చూపించాను. ఒక కర్ర బదులు నాలుగు కాళ్ల కర్ర, మరుగుదొడ్డిలో గోడకు పట్టుకోవడానికి కడ్డీ.

ఊళ్లో వాళ్ల పొలంలో ఇప్పటికీ కేసరే వేస్తున్నారట. వేయొచ్చా అని కొడుకు అడిగాడు. రతన్, ప్రతీక్, మహాతివరా లాంటి విషం తక్కువ రకాల విత్తనం కృషి విజ్ఞాన కేంద్రంలో అడగమన్నాను. వండే ముందు పప్పును ఎక్కువ వేడినీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు 1960ల్లోనే చెప్పిన పద్ధతి ఇది. విషం పూర్తిగా పోదు గానీ చాలావరకు పోతుంది. లేత ఆకు కూరలోనూ ఓడాప్ ఉంటుంది కనుక, అన్నంతో ఎప్పుడైనా ఒకపూట చాలు. కూలీలకు గింజలిచ్చేటట్లయితే గోధుమలే ఇవ్వమని మాత్రం గట్టిగా చెప్పాను.