మాట బరువు

పురానాపూల్‌లో టీకాల రోజు. మూడు నెలల పాపను తూకంలో పడుకోబెట్టారు. "ఏంటమ్మా ఇంత బక్కగా ఉంది, పాలు చాలట్లేదా?" అన్నారొకావిడ, నలుగురి ముందే. ఆ తల్లి ఏం మాట్లాడలేదు. దుపట్టాతో పాప కాళ్లు కప్పేసింది.

చూస్తున్న నాకు మనసు చివుక్కుమంది. 2.5 కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డ బరువు గీత ఎదుగుదల కార్డులో కిందనే మొదలవుతుంది. ఒక్కరోజు అంకె కాదు, నెలనెలా ఆ గీత పైకి సాగుతోందా లేదా అన్నది చూడాలి.

టీకాల రోజు బిడ్డల్ని తూచే అక్కలూ, సిస్టర్లూ! ముందు "పాలు బాగా తాగుతోందా, రోజుకెన్నిసార్లు ఉచ్చ పోస్తోంది?" అని అడగండి. గీత ఆగిపోయినా, వాలినా దాచొద్దు. తల్లిని పక్కకు పిలిచి, కార్డు చూపించి, ఏం చేయాలో నెమ్మదిగా చెప్పండి. బక్క, బొద్దు అనే మాటలు మాత్రం దయచేసి వద్దు.