అరువు గొంతు

మాది గొంతు మీద బ్రతికే వృత్తి. పద్యం చదివి అర్థం చెప్పడం తప్ప వేరొక విద్య మాకు తెలియదు. అట్టి మేము ఆ గొంతునే పోగొట్టుకొన్న ఉదంతాన్ని విద్యార్థి మిత్రులతో పంచుకొనడం అప్రస్తుతం కాదనుకొంటాము.

ఒక వార్షికోత్సవానికి కొందరు విద్యార్థులు ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం పాటలు సాధన చేస్తూ ఉండేవారు. వినగా వినగా మాకూ పాడాలనే కోరిక పుట్టింది. నేరేడ్‌మెట్‌లోని మా ఇంటి మేడగదిలో కిటికీలు మూసుకొని 'ట్విస్ట్ అండ్ షౌట్' అనే పాటతో ప్రారంభించాము. జాన్ లెనన్ గొంతు చించుకొని పాడిన పాట అది. ఆ బొంగురు కేక ఒక్కటి మా కంఠాన పలికితే చాలునని మా ఆశ.

ఆ బొంగురు వెనుక కథ అప్పటికి మేమెరుగము. 1963 ఫిబ్రవరి 11న లండనులో ఆ బృందం తన మొదటి ఆల్బమ్ కోసం ఒక్కరోజులోనే పది పాటలు రికార్డు చేసింది. లెనన్‌కు ఆనాడు జలుబు. గొంతుకు పరీక్ష పెట్టే పాట గనుక దీనిని చివరకు ఉంచారు. రాత్రి వేళ ఒక్క విడతలో పాడేశాడు; రెండవ విడతకు గొంతు మిగలలేదు. ఒక మనిషి అలసటను శైలి అనుకొని మేము అనుకరించబోయాము!

పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లయింది. నాలుగవ నాటి ఉదయం తరగతిలో హాజరు పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు. స్వరతంత్రులు వాచాయనీ, పది రోజులు మౌనం పాటించాలనీ, గుసగుస సైతం కూడదనీ డాక్టరు హెచ్చరించారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గొంతు తిరిగి రాకుంటే? నల్లబల్ల మీద వ్రాసి ఎన్నాళ్ళు నెట్టగలము?

ఆ పది రోజులు విద్యార్థులే వంతులవారీగా పద్యాలు చదివారు. ఇంట ఉర్దూ మాట్లాడే ఒక విద్యార్థి లేచి చదువుతుంటే తరగతి ముసిముసిగా నవ్వింది. కారణం మాకు వెంటనే బోధపడింది. పాదాంతాన మేము తీసే దీర్ఘం, నడుమ మా చిన్న దగ్గు, చివరి మాటకు ముందు మా విరామం, అన్నీ యథాతథంగా ఉన్నాయి. అతనిలో వేళాకోళం ఇసుమంతైనా లేదు. పద్యం అట్లాగే చదవాలని నమ్మాడు. మాకు నవ్వు రాలేదు.

గొంతు కుదుటపడిన పిమ్మట మా వీధిలోని ఒక పెద్దవారిని ఆశ్రయించాము. నేరేడ్‌మెట్ పరిసరాలలో సైన్యంలో పనిచేసినవారి కుటుంబాలు అనేకం. ఆయన పటాలం బ్యాండులో క్లారినెట్ ఊదినవారు. కేకలు కట్టిపెట్టి 'దిస్ బాయ్' పాట పట్టుకొమ్మన్నారు. అదే 1963లో వెలువడిన ఆ పాటను లెనన్, మెకార్ట్‌నీ, హారిసన్ ముగ్గురూ ఏకకాలంలో వేర్వేరు స్వరాలపై పాడారు. మన ఖవ్వాలీలో పక్కవారందరూ ఒకే వరుసను అందుకొంటారు. ఇక్కడ ఒకరు షడ్జం పట్టితే మరొకరు గాంధారం మీద నిలవాలి. మేము మాటిమాటికీ ఆయన స్వరంలోకే జారిపోయేవాళ్ళము.

"ప్రొఫెసర్ సాబ్, నా వెంట రాకండి. నన్ను వింటూ మీ చోట మీరు నిలబడండి" అనేవారు.

రెండు నెలలు పట్టింది. ఒక సాయంత్రం రెండు స్వరాలు కలిసి గదిలో మూడవదేదో మోగినట్లనిపించింది.

అనుకరణ దోషమని మేము చెప్పబోము. లెనన్, మెకార్ట్‌నీలు కుర్రతనంలో ఎవర్లీ బ్రదర్స్ అనే అమెరికా సోదరుల జంటస్వరాలను అనుకరించినవారే. 'ట్విస్ట్ అండ్ షౌట్' సైతం 1962లో ఇస్లీ బ్రదర్స్ పాడగా విని అందుకొన్నదే. అయితే 1960 నుండి హాంబర్గు నగరపు క్లబ్బులలో రాత్రులు గంటల తరబడి పాడి పాడి వారు తమ గొంతును తాము కనుగొన్నారు. అనుకరణ తొలి మెట్టు. అక్కడే కాపురం పెట్టరాదు.

మరునాడు ఆ విద్యార్థిని లేపి, "మీ అమ్మీకి కథ చెబుతున్నట్లు చదువు, బాబూ" అన్నాము. తడబడ్డాడు. రెండవ పాదంలో ఒక ఒత్తు తప్పింది. అయినా ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న ఆ పద్యం మాకు పరిచయం లేని గొంతులో వినిపించింది. మేము పుస్తకం మూసి విన్నాము.