వచ్చినంత నేర్పుదాం



మన మందిరంలో సాయంకాలపు చదువు ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. చెప్పే సహోదరికి పెళ్లయి అత్తవారి ఊరు వెళ్లింది. "డిగ్రీ చదివినవాళ్లు దొరికేదాకా ఆపుదాం" అన్నది మేమే. ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు "మేం చెప్తాం అయ్యగారూ" అని వస్తే, "మీకేం వచ్చమ్మా, మీ చదువు మీరు చూసుకోండి" అని పంపేశాము. ఆ మాట తర్వాత మమ్మల్నే పొడిచింది.

నెహెమ్యా గ్రంథం మీద వాక్యానికి సిద్ధపడుతూ, కూలిన దేశాలు మళ్లీ ఎలా లేచాయో చదువుతుంటే కంబోడియా సంగతి కనబడింది.

1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ అనేవారు ఆ దేశాన్ని పట్టుకున్నారు. పట్టణాలు ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారు. బడులు మూసేశారు, డబ్బు రద్దు చేశారు. చదువుకున్నవారంటే అనుమానం. ప్రాణం దక్కాలని అక్షరం రానట్టు నటించినవారున్నారు. రాజధాని నామ్ పెన్‌లో ఒక హైస్కూలునే చెరసాలగా మార్చారు. పిల్లలు కూర్చున్న గదుల్లో ఖైదీలకు ఇటుక కొట్లు కట్టారు. 1979 జనవరిలో ఆ పాలన పడిపోయేనాటికి 15 లక్షలకు పైగా జనం చనిపోయారు. టీచర్లలో అత్యధికులు చంపబడ్డారు, లేదా దేశం విడిచిపోయారు.

అయినా ఆ సంవత్సరమే బడులు తెరిచారు. బల్లల్లేవు, పుస్తకాల్లేవు. చెట్ల కింద కూర్చున్నారు. ఎక్కువ తెలిసినవారు తక్కువ తెలిసినవారికి, తక్కువ తెలిసినవారు ఏమీ తెలియనివారికి నేర్పాలన్నదే అప్పటి పిలుపు. కొన్ని వారాల శిక్షణతోనే ఎంతోమంది టీచర్లయ్యారు. 1980లో మళ్లీ డబ్బు చలామణికి వచ్చేదాకా వారికి జీతం బియ్యమే.

ప్రియులారా, ఇదంతా చక్కగా ముగిసిన కథ అని చెప్పలేము. తొందరలో కట్టిన గోడకు బీటలుంటాయి. ఏళ్ల తర్వాత పిల్లలు బడికి వస్తున్నారు గానీ చదువు అంతంతమాత్రం. పరీక్షల్లో కాపీలు మామూలైపోయాయి. 2014లో ప్రభుత్వం గట్టిగా కాపలా పెట్టి 12వ తరగతి పరీక్ష జరిపితే, మొదటి విడతలో పాసైనవారు నూటికి 26 మందే. సిగ్గుపడాల్సిన లెక్కే. కానీ దాచలేదు. బీట కనబడితేనే కదా బాగుచేసేది!

నెహెమ్యా దినాల్లోనూ అంతే. తట్టుకోలేని పని ముందుంటే, ఎవరింటి ఎదుట గోడ వారు కట్టారు. కట్టినవారిలో కంసాలులున్నారు, సుగంధద్రవ్యాలు చేసేవారున్నారు, ఒకని కుమార్తెలు కూడా ఉన్నారు. తాపీమేస్త్రీలు దొరికేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. గోడ లేచాక ఎజ్రా ధర్మశాస్త్రం చదివాడు. తెలిసిన లేవీయులు జనానికి అర్థం చెప్పారు.

మనకు యుద్ధం రాలేదు. మందిరానికి కప్పు ఉంది, కరెంటు ఉంది. మేము తప్పు చేశామని ఆ పిల్లల ఇంటికి వెళ్లి ఒప్పుకున్నాము. సోమవారం సాయంకాలం నుండి వారే చదువు చెప్తారు. మన సంఘంలోని రిటైర్డ్ మాస్టారు శనివారం వచ్చి, ఎక్కడ తప్పు చెప్పారో చూసి దిద్దుతారు. మీ పిల్లల్ని పంపండి. కూడికలు, తీసివేతలు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక గంట ఇవ్వండి.

ప్రభువా, మాకు వచ్చిన కొంచెమును దాచుకోకుండా, రానిదాన్ని ఒప్పుకునే మనసు మాకు దయచేయుము. ఆమేన్.