ఎండాకాలంలో కాశీ: ఒంటికీ, జేబుకీ జాగ్రత్తలు

"వేసవిలో కాశీ వెళ్ళొచ్చునా డాక్టరుగారూ? అప్పుడైతే గదులు చవగ్గా దొరుకుతాయట" అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు పాఠకులు అడిగారు. వెళ్ళొచ్చు. నేనూ పోయిన ఏడాది మే నెలలో వెళ్ళి వచ్చాను. అయితే సీజను కాని రోజుల్లో ఆ ఊళ్ళో తగ్గేది గది అద్దె మాత్రమే. యాత్రికుణ్ణి పట్టుకునేవాళ్ళు తగ్గరు. కార్తీకంలో అంతమంది జనం మీద పడే వాళ్ళ చూపు, జ్యేష్ఠంలో ఉన్న నలుగురి మీదే పడుతుంది. 2021 డిసెంబరులో విశ్వనాథ కారిడార్ ప్రారంభమయ్యాక గుడికి వచ్చే జనం బాగా పెరిగారు కనుక, ఆలయం ఖాళీగా ఉంటుందని అనుకోకండి. పల్చబడేవి ఘాట్లు, దుకాణాలు, హోటళ్ళు.

ఆరోగ్యం శీర్షికలో మోసాల ప్రసంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ రెండింటికీ ఎంత దగ్గర చుట్టరికమో నాకు అక్కడే తెలిసింది.

మా అక్కయ్య కథ

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు అది నెలల తరబడి సాగిన ప్రయాణం. ఇప్పుడు సికింద్రాబాదులో రైలెక్కితే మర్నాటికి గంగ ఒడ్డున ఉంటాం. సుఖమే. కాని కొత్త ఎండకు అలవాటు పడటానికి శరీరానికి వారం పది రోజులు కావాలి. "మా బెజవాడ ఎండలకంటే ఎక్కువా?" అనుకుంటాం. మన కోస్తా ఎండలో చెమట కారుతుంది, దాహం తెలుస్తుంది. అక్కడ పడమటి నుంచి 'లూ' అనే పొడి వేడిగాలి వీస్తుంది. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్న సంగతి మనకే తెలియదు.

నేను, నా భార్య, అరవై మూడేళ్ళ మా అక్కయ్య గొదౌలియా కూడలిలో దిగేసరికి పొద్దున పదిన్నర. అక్కయ్యకు బీ.పీ. ఉంది. దానికోసం ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వేసుకుంటుంది. రైల్లో నిద్ర లేదు. పైగా దారిలో మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని మంచినీళ్ళు మానేసింది. మన ఆడవాళ్ళలో చాలామంది ప్రయాణంలో చేసే పొరపాటే ఇది.

ఒక ఆటో అతను వచ్చి, "గుడి మూసేశారు బాబూజీ, మళ్ళీ నాలుగింటికే. ఈలోగా బనారస్ చీరలు నేసేచోటు చూపిస్తాను, ఊరికే చూడండి, కొనక్కరలేదు" అన్నాడు. నమ్మాను. నిజానికి హారతుల వేళ కాసేపు తప్ప, విశ్వనాథుడి దర్శనం తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఉంటుంది. ఎదురుగా ఉన్న పోలీసునో, పూలమ్మే ఆమెనో అడిగినా చెప్పేవారు. అడగలేదు.

సందుల్లోంచి తీసుకుపోయి ఒక దుకాణంలో కూర్చోబెట్టాడు. వేడివేడి టీ ఇచ్చారు. ఒకదాని మీద ఒకటి చీరలు పరిచారు. గంటన్నర గడిచింది. అక్కయ్య చీరలు చూడటం మానేసి గోడకు ఆనుకుంది. చివరికి, "ఏదో ఒకటి తీసుకుని బయటపడదాం తమ్ముడూ, నాకు మాట్లాడే ఓపిక లేదు" అంది. పన్నెండు వేలు ఇచ్చి లేచాం. గుమ్మం దాటగానే, "కళ్ళు తిరుగుతున్నాయిరా" అంటూ నా భుజం పట్టుకుంది.

ఆటో అతను సిద్ధంగానే ఉన్నాడు. "నాకు తెలిసిన డాక్టరు ఉన్నాడు" అని ఒక చిన్న క్లినిక్‌కి తీసుకుపోయాడు. అక్కడున్నాయన నాడి చూడకుండానే, "రెండు రోజులు చేర్పించాలి, సెలైన్లు ఎక్కించాలి" అన్నాడు. నేనెవరో చెప్పాక ఆయన ధోరణి మారింది. అక్కయ్య నాడి వేగంగా ఉంది, నాలుక ఎండిపోయింది. కాని తెలివి సరిగ్గానే ఉంది, జ్వరం 100 డిగ్రీలు దాటలేదు. ఫ్యాను కింద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తుగా పెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచాం. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు గుక్కగుక్కగా పట్టించాం. రెండు గంటల్లో లేచి కూర్చుంది.

ముప్ఫై ఏళ్ళుగా ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నవాణ్ణి. పదిన్నరకే ఆమె పెదవులు ఎండి ఉన్నాయి. నేను చూడవలసింది అవి. నేను చూసింది చీరల జరీ.

ఒళ్ళు అలిస్తే నోరు పెగలదు

నీరు తగ్గిన శరీరంలో మొదట దెబ్బతినేది ఓపిక, తరువాత విచక్షణ. "వద్దు" అనడానికి కూడా శక్తి కావాలి. అలిసినవాడు ఏదో ఒకటి ఇచ్చి వదిలించుకుంటాడు. బేరగాళ్ళకు వైద్యం తెలియకపోయినా ఈ సంగతి బాగా తెలుసు. కాబట్టి:

1. చేరిన రోజున దర్శనాలు, కొనుగోళ్ళు పెట్టుకోవద్దు. గదికి వెళ్ళి స్నానం చేసి, తిని, పడుకోండి.

2. తిరుగుడంతా పొద్దున తొమ్మిది లోపల, మళ్ళీ సాయంత్రం అయిదు తరువాత. తెల్లవారుజామున అస్సీ నుంచి దశాశ్వమేధం దాకా మెట్ల మీద నడిచి చూడండి. కాశీ అందమంతా అప్పుడే. మధ్యాహ్నం ఎవరు ఎంత పిలిచినా కదలవద్దు.

3. ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు మంచినీటిలో మొత్తం కలపాలి. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల కొట్టి కొలిచినవి. సీసా నీళ్ళు కొంటే మూత సీలు చూసి కొనండి. తాగాక సీసా నలిపి పారేయండి. లేకపోతే అదే మళ్ళీ నిండి ఇంకొకరికి అమ్ముడుపోతుంది.

4. బీ.పీ., గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ప్రయాణానికి ముందే తమ డాక్టరును కలవాలి. నీరు తీసే మాత్ర మోతాదు, ఎన్ని నీళ్ళు తాగవచ్చో అడగాలి. సొంతంగా మాత్ర మానవద్దు.

5. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, మనిషి తికమకపడితే అది అసలైన వడదెబ్బ. ప్రాణాపాయం. స్పృహ తప్పినవారి నోట్లో నీళ్ళు పోయవద్దు. బట్టలు వదులు చేసి, ఒంటి మీద చన్నీళ్ళు పోస్తూ, విసురుతూ 108కి ఫోను చేయండి. ఆటోవాడు చెప్పిన చోటికి కాక, కబీర్ చౌరాలోని ప్రభుత్వాసుపత్రికి గాని, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోని సర్ సుందర్‌లాల్ ఆసుపత్రికి గాని వెళ్ళండి.

ఘాట్ల మీద 'వైద్యాలు'

దశాశ్వమేధం దగ్గర ఒకాయన చిరునవ్వుతో చెయ్యి చాపుతాడు. మనమూ చెయ్యి కలుపుతాం. ఇక వదలడు. అరచేయి, మోచేయి, భుజం అని నలుపుతూ పోయి, చివరికి వందలు అడుగుతాడు. డబ్బు సంగతి అలా ఉంచండి. కొందరు మెడ పట్టుకుని 'టక్'మని తిప్పుతారు. మెడలోంచి మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. నమస్కారం పెట్టండి, చెయ్యి ఇవ్వకండి.

చెవులు శుభ్రం చేసేవాళ్ళు మరొక రకం. చెవిలోంచి చిన్న రాయి తీసి చూపిస్తారు. అది మీ చెవిలోది కాదు, అతని వేళ్ళ మధ్యది. ఆ పుల్ల కర్ణభేరికి తగిలితే చిల్లి పడుతుంది.

మధుమేహం, మోకాళ్ళ నొప్పులు పోతాయని పొట్లాలు అమ్ముతారు. ఇటువంటి పేరులేని పొడుల్లో సీసం, పాదరసం, స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలున్నాయి. వాటి జోలికి పోవద్దు.

భంగు ఠండాయిని 'శివయ్య ప్రసాదం' అని చేతిలో పెడతారు. కడుపులోకి పోయిన భంగు వెంటనే ఎక్కదు, గంట రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని రెండో గ్లాసు తాగినవాళ్ళు ఆ తరువాత గుండెదడతో, భయంతో అల్లాడిపోతారు. పర్సు ఎక్కడుందో కూడా తెలియదు. గుండె జబ్బున్నవారికి ప్రమాదం.

వానాకాలంలో వెళితే

శ్రావణ, భాద్రపదాల్లో గంగ పొంగి మెట్లు మునుగుతాయి. నీటిమట్టం పెరిగినప్పుడు అధికారులు పడవలు ఆపేస్తారు. అప్పుడు, "అవతల నుంచి రహస్యంగా తిప్పుతాను రండి" అని చక్కని తెలుగులో పిలిచేవారుంటారు. మన యాత్రికుల రాకపోకల వల్ల అక్కడ చాలామందికి తెలుగు వచ్చు. తెలుగులో మాట్లాడాడని మనవాడనుకోవద్దు. లైఫ్‌జాకెట్టు లేని పడవ ఎక్కవద్దు. ఎక్కేముందే ఎంతమందికి, ఎంతసేపు, ఎంత అన్నది తేల్చుకోవాలి. మణికర్ణికలో 'కట్టెలకు దానం' అడిగేవారికి జేబు చూపవద్దు. శీఘ్ర దర్శనం కావాలంటే దేవస్థానం కౌంటరులోనే టిక్కెట్టు కొనండి.

ఇంటికొచ్చాక ఆ చీర పోగులు నాలుగు లాగి వెలిగించాను. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఇది కరిగి గట్టి పూసలా ముద్దకట్టింది. అక్కయ్యకు చెప్పాను. "పోనీలేరా, బేరమాడే ఓపిక ఉంటే అక్కడే కనిపెట్టేదాన్ని" అంది. ఈసారి మాఘంలో వెళదామంటోంది. సరే అన్నాను. నీళ్ళ సీసా తన చేతిలోనే ఉండాలనీ, గంటకోసారి తాగుతానని నాకు మాట ఇవ్వాలనీ షరతు పెట్టాను.