కిరీటానికో గడి తక్కువ

మా మనవరాలికి పదేళ్ళు. మొన్న సంక్రాంతి సెలవులకు తల్లితో వచ్చినప్పుడు, పలకలాంటి యంత్రం ఒకటి ఒళ్ళో పెట్టుకుని, దానిమీద కలంతో ఏదో గీస్తూ కూర్చుంది. భోజనానికి మూడుసార్లు పిలిచినా కదలదు. సంగతేమిటా అని కళ్ళజోడు సవరించుకుని చూద్దును గదా, ఒక రాకుమారి! గులాబిరంగు గౌను, పసుపుపచ్చని జుట్టు, కాస్త ఒరిగిన కిరీటం. తల చూస్తే బిందెంత, ఒళ్ళు చూస్తే చెంబంత. గొడుగు పక్కన పడేసి, చేతిలో కేకుముక్కతో ఆవులిస్తోంది.

"ఎవరే ఈ పిల్ల?" అన్నాను.

"పీచ్ తాతయ్యా! మారియో ఆటలో రాకుమారి. నాకిష్టమని వేశాను. బాగుందా?"

ముద్దొచ్చేటట్టుంది. కాని నా నోట మాట వెంటనే రాలేదు. ఎందుకో చెప్పాలంటే చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1994లో నేను గుంటూరులో లెక్కల మాస్టర్ని. మావాడు పోరగా పోరగా, టీవీకి తగిలించి ఆడే పెట్టె ఒకటి కొనిచ్చాను. జపానువారి ఫామికామ్ యంత్రానికి నకళ్ళవి. ఆ రోజుల్లో మన బజార్లలో విరివిగా దొరికేవి. అందులోదే ఈ మారియో ఆట. నింటెండో కంపెనీ 1985లో తెచ్చింది. లోకాలు ఎనిమిది, ఒక్కొక్క లోకం చివర ఒక కోట. నానా అగచాట్లు పడి కోట గెలిస్తే, పుట్టగొడుగు తలవాడొకడు ఎదురై, రాకుమారి ఇక్కడ లేదు, మరో కోటలో ఉందంటాడు. ఏడు కోటల్లోనూ ఇదే వరస! ఎనిమిదో కోటలోగాని ఆవిడ దర్శనం కాదు. పైగా, మధ్యలో ఆపి అక్కడినుంచే ఎత్తుకునే వీలు లేదు. కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికి రావలసిందే.

ఒకనాటి సాయంత్రం ముందుగదిలోంచి పెద్ద కేక వినబడింది. అన్నాచెల్లెళ్ళు గెలిచారన్నమాట. ఆ కేక ఇంకా ఆగకముందే కరెంటు పోయింది.

మర్నాడు అమ్మాయి గ్రాఫు పుస్తకం తిరగేస్తే, సరళరేఖ ఉండవలసిన చోట గడిగడికీ రంగు నింపిన రాకుమారి కనబడింది. పరీక్షలు నెత్తిమీదున్నాయి. చర్రున కాయితం లాగి నాలుగు ముక్కలు చేశాను. అమ్మాయి ఏడవలేదు. ముక్కలు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత దాని చేతిలో రంగు పెన్సిలు నేను చూడలేదు. ఇప్పుడది బ్యాంకులో పెద్ద ఉద్యోగి.

మనవరాలు తన బొమ్మతో ఆగలేదు. ఎక్కడెక్కడివాళ్ళో అభిమానంతో వేసిన పీచ్ బొమ్మలు వరసగా చూపించింది. ఒకదాంట్లో నిద్రపోతోంది, ఒకదాంట్లో జలుబు చేసి తుమ్ముతోంది. అన్నిట్లోనూ పెద్ద తల, పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు. పసిపాపల ముఖాల్లోని ఈ లక్షణాలే మనలో ముద్దు పుట్టిస్తాయని కోన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు 1943లోనే రాశాడట.

అసలు ఆ పాత ఆటలో ఆవిడ ఎంత? అడ్డం 16 చుక్కలు, నిలువు 24. రంగులు మూడే. అందులో ముఖానికి మిగిలేవి ఎన్ని? "హైడీ" కార్టూను సీరియల్‌కు పనిచేసిన యోయిచి కొటాబే 1985లో నింటెండోలో చేరి, కాయితం మీద ఆవిడకు చక్కని ముఖం దిద్దాడు. తెరమీద మాత్రం చుక్కలే. 2024లో ఆవిడే నాయికగా వేరే ఆట వచ్చింది గాని, తొలి ఆటలో ఆవిడ పని కోటలో ఎదురుచూడడమే. ఆవలింతలూ తుమ్ములూ అన్నీ చూసినవాళ్ళు మనసులోంచి ఇచ్చినవే.

ఇందులో వింతేముంది! మా ఆవిడ రోజూ వాకిట్లో చుక్కలు పెట్టే గదా ముగ్గు వేస్తుంది? చుక్కలు అందరివీ, చెయ్యి ఎవరిది వారిది. మా అక్కయ్య చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ కథానాయిక బొమ్మ చూసి దించి, పత్రికలో లేని జడగంటలు తానే పెట్టేది. దాన్ని మేమంతా మెచ్చుకున్నాం. మరి నా కూతురి దగ్గరకు వచ్చేసరికి నాకు కళ్ళెందుకు పోయాయి?

ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లిగా ఆ మాట ఎత్తాను. అమ్మాయి మజ్జిగ పోసుకుంటూ, "ఆవిణ్ణి నేను చూసింది ఒక్క క్షణం నాన్నా. కాయితం మీద ఉంటే కరెంటు పోయినా పోదు గదా అని వేసుకున్నాను" అంది.

అన్నం గొంతు దిగలేదు. తప్పయిందని కూతురితో అనడం మా తరం తండ్రులకు చేతగాదు. తెల్లవారి బజారుకు వెళ్ళి ఒక గ్రాఫు పుస్తకం, ఒక పెట్టె రంగు పెన్సిళ్ళు తెచ్చాను. మనవరాలిచేత ఆ పాత బొమ్మ వెతికించి, పక్కన పెట్టుకుని గళ్ళు లెక్కపెట్టుకుంటూ నింపాను. లెక్కల మాస్టర్నే గాని, పూర్తయ్యేసరికి మధ్యాహ్నమైంది. తీసుకెళ్ళి అమ్మాయి ముందు పెట్టాను.

అది చాలాసేపు చూసింది. చూసి చూసి, "కిరీటానికి ఒక గడి తక్కువైంది నాన్నా" అంది.

ఆ తరవాత పెట్టెలోంచి పెన్సిలు తీసి ఆ గడి నింపింది.